గంపకో చెయ్యి

విజయవాడలో ఏ పేట మంచిదో, ఏ పేట కాదో శివాజీకి బాగా తెలుసు. తెలుసని శివాజీయే చెప్పాడు. గిలకలదిండి రేవు నుంచి చేపల వ్యాను తోలుకుని తెల్లారకముందే విజయవాడ చేరతాడు, ఏడు కొట్టేసరికి ఐసు పెట్టెలు కడుక్కుని వెనక్కి తిరుగుతాడు. ఆ ఊళ్ళో తెరిచి ఉన్న షాపుని అతను చూసిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయినా సరే, అక్క గంగారత్నాన్నీ మేనకోడలు సత్యశ్రీనీ బందరులో బస్సెక్కిస్తూ పెద్ద లిస్టే చదివాడు.

"బెంజి సర్కిల్ అవతల గేటెడ్ కాలనీ ఒకటుంది, అందులో లేడీస్ హాస్టల్. ఫస్ట్ అది చూడండి. కుదరకపోతే గవర్నర్‌పేటలో ఏదన్నా. ఈ నాలుగు రోజులకీ లాడ్జి అక్కడే చెప్పా. ఎప్పుడూ జనం ఉంటారు, భయం లేదు. కృష్ణలంక వైపు మాత్రం పోమాకండి. అర్థమైందా అక్కా?"

"ఎందుకు పోకూడదురా?"

"పోకూడదంటే పోకూడదు, అంతే."

గంగారత్నం మనసంతా మొగుడన్న మాట మీదే ఉంది. కాశీరావు బుధవారం సాయంత్రం బోటెక్కాడు. పది రోజుల దాకా రాడు, రేవు దాటితే ఫోనందదు. తాడు విప్పుతూ విప్పుతూ భార్యని పక్కకి పిలిచి చెప్పాడు: "సోమవారం పొద్దున్నే పిల్ల ఆస్పత్రిలో చేరాలంటగా. ఆదివారం లోపల నీకు నమ్మకమైన చోటు దొరికితే ఉంచు. లేదంటే ఎనక్కి తెచ్చెయ్. చదువు పోతే పోయింది. నేనొచ్చాక ఎందుకుంచావనీ అడగను, ఎందుకు తెచ్చావనీ అడగను."

అంత మంచి మాట అనకుండా ఉంటే బాగుండేదని గంగారత్నానికి అనిపించింది. తిడతానని బెదిరించినా కాస్త నయం. ఇప్పుడు బరువంతా ఆవిడ నెత్తినే పడింది.

సత్యశ్రీకి సూర్యారావుపేటలో ఒక ఆస్పత్రిలో డయాలసిస్ మిషన్ల మీద ఆరు నెలల ట్రైనింగు. పరీక్ష రాసి తెచ్చుకున్న సీటు. సోమవారం తొమ్మిదింటికి సంతకం పెట్టకపోతే వెనక వరసలో ఉన్నవాళ్ళకి ఇచ్చేస్తారు. ఒక వారం పగటి డ్యూటీ, ఒక వారం రాత్రి ఎనిమిది దాకా. ఆ ఎనిమిది గంటల మాట విన్న దగ్గర్నుంచీ గంగారత్నానికి అన్నం సయించడం లేదు.

పిల్ల సామానంతా గంపలో సర్దింది ఆవిడ. బియ్యం, రొయ్యల పచ్చడి జాడీ, ఎండు చేపల పొట్లాలు, దుప్పటి, చిన్న స్టవ్వు. సూట్‌కేసు కొందామంది సత్యశ్రీ. సూట్‌కేసు నెత్తి మీద ఆగదంది తల్లి. బస్సులో కండక్టరు ముక్కు ఎగబీల్చి గంప వైపు చూశాడు.

"ఏంటమ్మా ఇది?"

"మా అమ్మాయి కాపరం బాబూ," అంది గంగారత్నం. సత్యశ్రీ కిటికీలోంచి ఉయ్యూరు చెరుకు బళ్ళని చూస్తున్నట్టు నటించింది.

గవర్నర్‌పేట లాడ్జిలో కౌంటరు దగ్గరి అతను వాళ్ళ వెనక ఇంకెవరన్నా వస్తున్నారేమోనని మెడ సాచి చూశాడు.

"జెంట్స్ ఎవరూ రాలేదా అండీ?"

"మేమిద్దరమే."

"జెంట్స్ లేకుండా రూమివ్వమండి. మీ సేఫ్టీ కోసమే."

"మా ఆయనున్నాడు."

"ఎక్కడ?"

"సముద్రంలో."

అతను అప్పుడు తలెత్తి ఆవిడ మొహంలోకి చూశాడు. చివరికి సత్యశ్రీ శివాజీకి ఫోను కలిపి ఇచ్చింది. అటునుంచి ఒక మగ గొంతు "ఆఁ, మా అక్కే, ఇచ్చెయ్యండి" అన్నాక తాళం చెవి బల్ల మీదకొచ్చింది. ముక్కు తుడిచి, చంకనేసుకుని తిప్పిన తమ్ముడి గొంతు వింటే గానీ తనకి గది ఇవ్వలేదు. గంగారత్నానికి నవ్వొచ్చింది, ఒళ్ళు మండింది కూడా.

సాయంత్రం ఐదింటికి గదికి తాళం వేస్తూ ఆవిడ గంపని బయటికి లాగింది.

"అది ఇప్పుడెందుకమ్మా? ఊరు చూడ్డానికి పోతున్నాం."

"అది లేకుండా నేనేం చూసేది?"

చేపల గంప దించుకోవడం ఒక్క మనిషి పనే. ఎత్తుకోవడం మాత్రం ఒక్కరి వల్ల అయ్యేది కాదు. బేరం అయ్యాక, కొన్న ఇల్లాలో, ఎదురింటి ముసలాయనో, దారిన పోయేవాళ్ళో ఒక అంచు పట్టాలి. రెండో అంచు తను పట్టుకుని, ఒక్క ఊపున నెత్తి మీది గుడ్డ చుట్టకుదురు మీదకి చేర్చాలి. ముప్ఫై ఏళ్ళుగా బందరు చుట్టుపక్కల ఏ వీధి ఎలాంటిదో గంగారత్నానికి ఆ గుర్తు మీదే తెలుసు. కొన్నిచోట్ల అడక్కుండానే వచ్చి చెయ్యి వేస్తారు. కొన్నిచోట్ల అడిగితే వేస్తారు. ఒక వీధి ఉంది, చేప కొంటారు, డబ్బులిస్తారు, తలుపేసుకుంటారు. ఆ వీధికి ఆవిడ పులస వచ్చినా పట్టుకెళ్ళదు.

మరి ఇన్నేళ్ళలో ఆ గంపకి సత్యశ్రీ చెయ్యి ఒక్కసారీ పడలేదు. పడనివ్వలేదు తల్లి. "బళ్ళోకెళ్ళే చేతులే, వాసనొస్తాయి, ముట్టుకోమాక" అని అరిచేది. పిల్లకి అదే అలవాటైపోయింది. గంప దించితే నాలుగడుగుల దూరం జరిగి నిలబడుతుంది.

గవర్నర్‌పేటలో మూసిన బ్యాంకు ముందు పేవ్‌మెంటు మీద గంప దించి, పక్కన చతికిలబడింది గంగారత్నం. జనం అటొకరు, ఇటొకరు చీలి తప్పుకుని పోతున్నారు. స్కూటర్ల హారన్లు. ఒకాయన గంప తగిలి "చూసుకోవాలమ్మా" అన్నాడు, తనే చూసుకోకుండా. సత్యశ్రీ ఫోనులోకి తల దించేసింది. పది నిమిషాలయ్యేసరికి సెల్ ఫోన్ల షాపులోంచి ఇద్దరు కుర్రాళ్ళు చకచకా వచ్చారు.

"ఎత్తమంటారా ఆంటీ?"

ఎత్తారు. అల్లరేమీ చెయ్యలేదు. థ్యాంక్సు చెప్పించుకుని పోయారు. సందు మలుపు తిరిగాక గంగారత్నం అంది: "ఈ పేట వద్దు."

"అదేంటి! అడక్కుండానే సాయం చేశారుగా?"

"గంపెత్తేవాడు గంపని చూడాలే. ఎటేపు చూశాడు వాడు? నా కాలి మీద పడేసేవాడు కొంచెముంటే."

సత్యశ్రీకి కోపం రావాల్సింది గానీ ఫక్కుమని నవ్వొచ్చింది. తల్లి కూడా గంప కిందనుంచి నవ్వింది.

*

శుక్రవారం బెంజి సర్కిల్ అవతలి కాలనీకి ఆటోలో వెళ్ళారు. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి పుస్తకంలో పేర్లు రాయించుకున్నాడు. గంప లోపలికి వద్దన్నాడు. గేటు పక్కన పెడితే అక్కడా వద్దన్నాడు. చివరికి కరెంటు స్తంభం మొదట్లో పెట్టించి, నువ్వు చూస్తుండు బాబూ అంటే, కెమెరా చూస్తుందిలెమ్మని పైకి వేలు చూపించాడు. గంగారత్నం మాత్రం పిల్లకి దండిగా ఉంటుందని తెచ్చిన పొట్లాల్లో అన్నిటికంటే మంచిది ఒకటి చీర చెంగు చాటున పట్టుకుంది.

హాస్టల్ చూసి సత్యశ్రీ మొహం వెలిగిపోయింది. గదికి ముగ్గురు, ఒక్కొక్కరికి బీరువా, వేలిముద్ర వేస్తే తెరుచుకునే తలుపు, వీధి రెండు చివర్లా కెమెరాలు. ఆస్పత్రికి తీసుకెళ్ళే సిటీ బస్సు గేటు ముందే ఆగుతుంది. హాస్టల్ నడిపే ఛాయాదేవి గారు చల్లటి మనిషి. మజ్జిగ తెప్పించి ఇచ్చారు.

"ఆడపిల్లల్ని నమ్మి వదిలిపెడతారండీ మా దగ్గర. ఎనిమిదిన్నర దాటితే నేనే ఫోన్ చేస్తాను. మీరు నిశ్చింతగా ఉండొచ్చు."

గంగారత్నం గుండె నిజంగానే కుదుటపడింది. ఇక్కడ గంపకి చెయ్యేసేవాళ్ళెవరూ కనిపించలేదు, అయితేనేం, పిల్లకి ఫోన్ చేసే మనిషి ఉంది. సంతోషం పట్టలేకపోయింది. మంచి మనిషి కనిపిస్తే వట్టి చేతులతో రాకూడదు కదా. చెంగు చాటునుంచి పొట్లం తీసి రెండు చేతులా అందించింది.

"వంజరం ముక్కలమ్మా. నేనే ఉప్పుపెట్టి ఎండేశాను. మా ఆయన బోటు మీద పడిందే. రేవులో వేలంపాట పెట్టకుండా ఇంటికి తెచ్చుకున్న చేప. మీలాంటోళ్ళకే ఇస్తాం."

సత్యశ్రీ కళ్ళు మూసుకుంది.

ఛాయాదేవి గారు పొట్లం అందుకోలేదు. కుర్చీ కాస్త వెనక్కి జరిగింది. గొంతు మాత్రం మారలేదు, అదే చల్లదనం.

"మీరు... చేపల వాళ్ళా అండీ? అప్లికేషన్‌లో పాప 'బిజినెస్' అని రాసింది."

"బిజినెస్సేగా అమ్మా మాది."

"నాకేం పట్టింపు లేదండీ, నిజంగా. కానీ మిగతా పిల్లల పేరెంట్స్ ఉన్నారు చూశారూ, వాళ్ళు ఒప్పుకోరు. బట్టలకీ వాటికీ వాసన... ఏమీ అనుకోకండి. పాప చాలా మంచిది. వేరేచోట చూసుకోండి."

మజ్జిగ గ్లాసులు ఇంకా సగం ఉన్నాయి. గంగారత్నం తన గ్లాసు పూర్తిగా తాగి, కొళాయి దగ్గర కడిగి, బల్ల మీద బోర్లించి వచ్చింది. ఎందుకలా చేసిందో ఆవిడకే తెలీదు.

బయటికొచ్చాక సత్యశ్రీ విరుచుకుపడింది. "ఎవరిమ్మన్నారమ్మా ఆ పొట్లం? బిజినెస్ అని రాశాను కదా నేను! అంతా అయిపోయింది, సంతకం పెట్టడమే మిగిలింది! నీ గంప, నీ చేపలు! ఎక్కడికెళ్ళినా ఇవేనా?"

"మంచిదని ఇచ్చానే..."

"ఎవరిక్కావాలి!"

పిల్ల విసవిసా రోడ్డు వైపు నడిచిపోయింది. గంగారత్నం స్తంభం దగ్గర గంప ముందు నిలబడింది. సెక్యూరిటీ మనిషి చూశాడు. పైన కెమెరా చూసింది. కారు కడుగుతున్న ఒకతను పైపు పట్టుకునే చూశాడు. ఎవరూ రాలేదు.

ఆవిడ చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని, నేల మీద మోకాలేసి, గంపని ముందు తొడ మీదకి లాక్కుంది. తొడ మీదనుంచి ఎదకి ఆనించుకుంది. తల వంచి, పళ్ళు బిగబట్టి, అంచు కిందకి నుదురు దూర్చి, ఒక్క ఉదుటున లేచింది. మెడలో ఏదో కలుక్కుమంది. రెండడుగులు తూలి నిలదొక్కుకుంది.

మలుపు దగ్గర సత్యశ్రీ వెనక్కి తిరిగి ఉంది. మొత్తం చూసింది. ఆటోని చెయ్యెత్తి ఆపింది.

ఆ సాయంత్రం లాడ్జిలో తల్లి మెడకి పిల్ల బాం రాసింది. చాలాసేపు రాసింది.

"ఇక చాల్లే, చేతులు మంటపుడతాయి," అంది గంగారత్నం.

"పుట్టనీ."



*

శనివారం పొద్దున్న గంగారత్నం ఎండు చేపల పొట్లాలన్నీ విప్పి గంపలో పైకి సర్దింది. మిగతా సామాను లాడ్జిలోనే ఉంచింది.

"ఏం చేస్తున్నావు?"

"అమ్మేస్తా. ఎనక్కి మొయ్యడం ఎందుకు?"

అవి ఆరు నెలలకని కట్టిన పొట్లాలు. వాటిని అమ్మేస్తానంటే తల్లి మనసులో ఏముందో సత్యశ్రీకి తెలిసిపోయింది. ఇంకా రెండు రోజులుంది కదమ్మా అనాలనుకుంది. నిన్న తనన్న మాటలు గుర్తొచ్చి, చెప్పులేసుకుని తలుపు దగ్గరికి నడిచింది.

అమ్మాలంటే జనం వాకిళ్ళలో ఉండే చోటు కావాలి. బస్టాండు దగ్గర టీ కొట్టతన్ని అడిగితే కృష్ణలంక వైపు చూపించాడు.

"మావయ్య వద్దన్నాడుగా?"

"మీ మావయ్య చూసింది మూసిన షట్టర్లే. అయినా ఉండటానికా పోతున్నాం, అమ్ముకోడానికేగా."

సందులు సన్నగా ఉన్నాయి. ఇళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుని, మెట్లన్నీ వీధిలోకే దిగి ఉన్నాయి. సందు చివర ఏటి గోడ, గోడ మీద ఆరేసిన బొంతలు. గంగారత్నం గొంతు సవరించుకుని, "ఎండు చేపలోయ్! మెత్తళ్ళు, వంజరం ముక్కలు, ఎండు రొయ్యలోయ్!" అని కేకేసింది. మూడో కేకకి నాలుగు తలుపులు తెరుచుకున్నాయి. ఏటి నీళ్ళ వాసనో, కేక పలికినందుకో, రెండు రోజుల్లో మొదటిసారి ఆవిడ నడుము నిటారైంది.

మెట్ల మీద కూర్చుని చిక్కుళ్ళు గిల్లుతున్న ఒక పెద్దావిడ పిలిచింది. అరవై అయిదేళ్ళుంటాయి, చెవులకి పాత రవ్వల దుద్దులు. పేరు వెంకటరావమ్మని తర్వాత తెలిసింది.

"ఏమ్మాయ్, కొత్త మనిషిలా ఉన్నావే. ఏ ఊరు?"

"బందరు దగ్గర గిలకలదిండండి."

"అక్కణ్ణించి నెత్తిన పెట్టుకొచ్చావా? ఏదీ, మెత్తళ్ళు చూపించు. ఇసకుందా?"

"ఇసకుంటే నా మొహాన కొట్టండి."

వెంకటరావమ్మ మెత్తళ్ళు గుప్పెట్లోకి తీసుకుని దులిపి చూసింది, ఒకటి కొరికి చూసింది, ఎదురింటావిణ్ణి పిలిచి ఆవిడ చేత కూడా కొరికించింది. బేరం చాలాసేపు సాగింది. బాగా ఆడిన బేరం. ఇద్దరికీ తృప్తిగా ఉంది. ఉన్నట్టుండి ఆవిడ గడ్డం ఎత్తి ఇస్త్రీ బండి వైపు చూపించింది.

"ఆ నిలబడ్డ పిల్లెవరు?"

"నా కూతురండి."

"నీ కూతురా! దారినపోయే పిల్లనుకున్నా. అంత దూరాన నిలబడిందేం?"

గంగారత్నం ఏదో సర్దిచెప్పింది. సత్యశ్రీకి ఆ మాటలు స్పష్టంగానే వినిపించాయి. ఇస్త్రీ బండి బసవయ్య బొగ్గులు విసురుతూ ఆ పిల్ల వైపు ఒకసారి చూసి మళ్ళీ తన చొక్కా మీదకి వంగాడు.

లేవబోయేసరికి గంగారత్నం ఇంకా చుట్టకుదురు సర్దుకోనేలేదు, వెంకటరావమ్మ "అమ్మా, మోకాళ్ళూ" అని మూలుగుతూనే మెట్లు దిగొచ్చి ఒక అంచు పట్టింది. "ఊఁ, పట్టు." ఆవిడ బలం చాలదనిపించి బసవయ్య ఇస్త్రీపెట్టె నిలబెట్టి వచ్చి రెండో పక్క చెయ్యేశాడు. ఆ ఇద్దరి కళ్ళూ గంప మీదే ఉన్నాయి. గంప నెత్తి మీద కుదిరాక, ఊగకుండా ఉందో లేదోనని బసవయ్య ఒక్క క్షణం వేలు ఆనించి చూసి వదిలాడు.

అప్పుడు చూసింది గంగారత్నం, మేడ మీద కిటికీకి వేలాడుతున్న అట్టముక్క. గది అద్దెకివ్వబడును.

ఆవిడ అడిగింది. ఆస్పత్రి సంగతి, ఎనిమిది గంటల సంగతి, మొగుడు సముద్రం మీదున్న సంగతి, ఏదీ దాచకుండా చెప్పింది. చేపల వాళ్ళమని కూడా ముందే చెప్పేసింది, గంప నెత్తి మీదే ఉన్నా. వెంకటరావమ్మ అంతా విని, "రేపు రా. ఆలోచించి చెప్తా," అంది.

"ఆలోచించడానికేముంది పిన్నిగారూ?"

"ఉందిలే. నా మేడ మీద ఎవరుంటారో నేను చూసుకోవద్దూ?"

తిరిగి వస్తుంటే సత్యశ్రీ బస్టాపు దగ్గర ఆగిపోయింది. "ఉండమ్మా," అని ఫోనులో టైము పెట్టుకుని మళ్ళీ సందులోకి నడిచి, వెనక్కొచ్చింది. "ఆరు నిమిషాలు. లైట్లు ఏడు. అందులో ఒకదానికి బల్బు లేదు. ఇస్త్రీ ఆయన తొమ్మిదింటి దాకా ఉంటాడంట, అడిగాను." గంగారత్నం పిల్ల మొహంలోకి చూసింది. పిల్ల కూడా చోటు వెతుకుతోందని, తనకంటే జాగ్రత్తగా వెతుకుతోందని ఆవిడకి అప్పటిదాకా తట్టలేదు.

*

ఆదివారం లాడ్జి ఖాళీ చేశారు. ఉంటే అక్కడ, లేకపోతే బందరు బస్సు. సామానంతా మళ్ళీ గంపలోకెక్కింది.

గంగారత్నం కావాలనే సాయంత్రం దాకా ఆగింది. చీకటి పడే వేళ ఆ సందు ఎలా ఉంటుందో చూడాలి. నిన్న చెయ్యేశారంటే చేప కొన్న మొహమాటం కావచ్చు. ఒక్క రోజుకే నమ్మేస్తే ఎలా? మొన్న మజ్జిగ చూసి నమ్మలేదూ? అందుకని వెంకటరావమ్మ ఇంటి దాకా వెళ్ళకుండా, సందు మొదట్లోనే, బల్బు లేని స్తంభం కింద గంప దించి కూర్చుంది. కేక వెయ్యలేదు.

"పిలవొచ్చుగా అమ్మా వాళ్ళని?"

"ఊరుకో."

మెట్ల మీద ఆడవాళ్ళున్నారు. ఎదురింటావిడ మనవరాలికి జడేస్తోంది. బసవయ్య బండి దగ్గర రేడియోలో ఏదో పాట. వెంకటరావమ్మ కూడా తన మెట్టు మీదే ఉంది, స్పష్టంగా కనిపిస్తోంది. అందరూ ఒకసారి ఇటు చూశారు. తర్వాత ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు.

లైట్లు వెలిగాయి. జడ వెయ్యడం అయిపోయింది. పాలవాడు సైకిలు దిగి గంపని తప్పించి నడిపించుకుపోయాడు. ఒక్కరూ లేవలేదు.

గంగారత్నం చుట్టకుదురుని వేళ్ళతో నలుపుతూ కూర్చుంది. నిన్నటి చేతులు చేపల కోసమేనన్న మాట. అంతే మరి, ఎవరికెవరు? ఇన్నేళ్ళ తన గుర్తు ఈ ఊళ్ళో పనిచెయ్యదేమో. లేదా, బాగానే పనిచేసి నిజమే చెబుతోందేమో. పిల్లని ఇలాంటిచోట వదిలి తను బస్సెలా ఎక్కుతుంది? ఆ ఎనిమిది గంటలకి బల్బు లేని ఈ స్తంభం కింద పిల్ల కాలు జారిపడితే ఇలాగే జడలేసుకుంటూ కూర్చుంటారా?

"ఎల్దాం పదవే. ఎనిమిదింటికి బస్సుంది," అంది.

సత్యశ్రీ ఏడుస్తుందేమో, అరుస్తుందేమోనని గంగారత్నం ఎదురుచూసింది. పిల్ల నాలుగడుగుల దూరంలో నిలబడి తల్లి మెడ వైపు చూస్తోంది. బాం రాసిన చోటు ఇంకా ఎర్రగానే ఉంది. తర్వాత చున్నీ నడుముకి బిగించుకుని, వచ్చి గంప అంచు రెండు చేతులా పట్టుకుంది.

"నువ్వొదులు! వాసనొస్తాయి చేతులు!"

"రానీ. లే ముందు. సరిగ్గా ఎలా పట్టుకోవాలో చెప్పు."

"కింద నుంచి పట్టాలే, పైన కాదు. నేను ఊఁ అన్నాక లేపు. ఊఁ!"

అలవాటు లేని చేతులు. గంప ఒకవైపు ఒరిగింది. సత్యశ్రీ భుజం అడ్డం పెట్టి, ముక్కుతూ, మునివేళ్ళ మీద లేచి, ఎలాగైతేనేం తల్లి నెత్తి మీదకి చేర్చింది. చేర్చాక బసవయ్య లాగే ఒక వేలు ఆనించి చూసింది.

"ఏమ్మాయ్!" మెట్ల మీదనుంచి వెంకటరావమ్మ కేక. "అయిందా? ఎంతసేపు కూర్చోబెడతావమ్మా మమ్మల్ని? అవతల పొయ్యి మీద పులుసు అడుగంటుతోంది!"

గంగారత్నం గంపతో పాటు అటు తిరిగింది. ఎదురింటావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. బసవయ్య కూడా.

"నిన్న మా గుమ్మం దాకా వచ్చి దించినదానివి, ఇవాళ సందు మొదట్లో, వెలుగు లేని చోట దించావ్. కేక లేదు, బేరం లేదు. మేము లేస్తామా లేదా అని చూడ్డానికేగా? నేనేం పిచ్చిదాన్నా? మా అత్తగారు ఇదే సందులో పెరుగు గంప దించి కూర్చునేది."

గంగారత్నానికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. "మరి లేవలేదేం పిన్నిగారూ?"

"లేవబోయాడు ఆ బసవయ్య. నేనే ఆపా. నువ్వు మా వీధిని చూసుకోవాలిగా, న్యాయమే. మరి నేను నీ పిల్లని చూసుకోవద్దూ? నిన్న ఎవరో పరాయిదానిలా నిలబడింది. తల్లి గంపకి చెయ్యెయ్యని పిల్ల రేపు నేను మెట్ల మీద పడితే లేపుతుందా? గడియసేపు చూద్దామనుకున్నా. నువ్వేమో బస్సంటున్నావు, నాకిక్కడ గుండె దడ!" ఆవిడ మోకాళ్ళు పట్టుకుని లేచింది. "రా అమ్మాయ్, పైకి రా. గది చూపిస్తా. ఆ స్తంభానికి బల్బు రేపు కరెంటు పని చేసే మా కిరీటి చేత పెట్టిస్తాలే. నాలుగు నెలల నుంచీ అంటున్నా వాణ్ణి."

సత్యశ్రీ తల వంచుకుంది. "నిన్న... నాది తప్పేనండి," అంది నెమ్మదిగా.

"తప్పు ఆ పిల్లది కాదు పిన్నిగారూ," గంగారత్నం గబగబా అడ్డుపడింది. "నేనే ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. నాదే."

"సరేలే, ఎవరిదైతేనేం. ముందు ఆ గంప దించు, మెడ విరుగుద్ది."

దించడానికి ఈసారి నలుగురు వచ్చారు. దించడం ఒక్క మనిషి పనేనని గంగారత్నం చెప్పబోయింది గానీ ఎవరూ వినలేదు.

*

సోమవారం ఏడింటికి గంగారత్నం బయల్దేరింది. పిల్ల సామాను పై గదిలో సర్దేసింది. అమ్మకంలో మిగిలిన వంజరం ముక్కలు వెంకటరావమ్మ వంటింట్లో ఉట్టికెక్కాయి. శివాజీకి ఫోన్లో చెబితే "కృష్ణలంకా! నేను చెప్పానా లేదా!" అని లబలబలాడాడు. "సాయంత్రం ఏడింటికి ఒకసారి వచ్చి చూడరా, షట్టర్లు తెరిచున్నప్పుడు," అని పెట్టేసింది.

సందు మొదట్లో, కొత్త బల్బు కోసం కిరీటి తెచ్చి ఆనించిన నిచ్చెన పక్కన, ఆవిడ ఖాళీ గంప కింద పెట్టింది. చుట్టకుదురు నెత్తిన సర్దుకుంది. నిలబడింది.

సాగనంపడానికి వచ్చిన సత్యశ్రీ అయోమయంగా చూసింది. తెల్ల కోటు అప్పుడే వేసుకుని ఉంది, ఇస్త్రీ మడతలు నలగకుండా. బసవయ్య పొద్దున్నే చేసిచ్చాడు.

"ఖాళీగా ఉందిగా అమ్మా. ఎత్తుకో."

"బరువుంది. చెయ్యెయ్యి."

సత్యశ్రీ తల్లి మొహంలోకి చూసింది. కోటు చేతులు పైకి మడుచుకుని, వంగి, నిన్న నేర్చుకున్నట్టే కింద నుంచి రెండు చేతులా పట్టింది. తల్లి "ఊఁ" అన్నాక లేపింది. తొందరపడకుండా, నిజంగానే బరువున్న గంపని లేపినట్టు లేపి, నెత్తి మీద పెట్టి, వేలు ఆనించి చూసి వదిలింది.

"ఎనిమిది దాటితే ఫోన్ చెయ్యి," అంది గంగారత్నం. "నీళ్ళు కాచుకుని తాగు. పిన్నిగారికి మోకాళ్ళ నొప్పులు, మెట్లు నువ్వే తుడువు."

"సరేనమ్మా."

"ఆ చేతులు కడుక్కో. ఆస్పత్రికెళ్ళేదానివి."

అలా అనేసి బస్టాండు వైపు నడిచింది. నెత్తిన గంప ఉన్నవాళ్ళు తల తిప్పి చూడలేరు. ఇరవై అడుగులు ఓపిక పట్టింది. తర్వాత ఇక పట్టలేక, పక్కనున్న ఆటోవాడు బ్రేకు వేసేలా, గంపతో సహా మనిషంతా వెనక్కి తిరిగింది.

సత్యశ్రీ ఇంకా నిచ్చెన పక్కనే ఉంది. రెండు అరచేతులూ ముక్కుకి దగ్గరగా పెట్టుకుని వాసన చూసుకుంటోంది.